నేను ఇంజన్ కడిగింది అమ్మడానికి కాదు

నవంబరు తొమ్మిదో తేదీ, ఆదివారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు నేను మా కారు బానెట్ ఎత్తి కడ్డీ నిలబెట్టాను. ఇబ్రహీంపట్నంలో మా ఇంటి గేటు లోపల, సిమెంటు గచ్చు మీద. మీటరు మీద అరవై ఒక్క వేల నాలుగు వందల ఎనభై కిలోమీటర్లు. ఇంజన్‌ను అరచేత్తో ముట్టుకుంటే చల్లగా ఉంది. ముందు రోజు సాయంత్రం అయిదింటి నుంచి తాళం నా దగ్గరే పెట్టుకున్నాను కాబట్టి చల్లగానే ఉండాలి.

నాకు డెబ్బై ఏళ్ళు. ప్రభుత్వ దవాఖానలో మందులిచ్చే కిటికీ వెనక ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మరుసటి ఏడాది ఈ కారు కొన్నాను. యాభై తొమ్మిదో ఏట నడపడం నేర్చుకున్నాను. నేర్పినాయన మొదటి రోజే, "అమ్మా, ఎనక సీట్ల కూసుంటె హాయి గద, గీ తిప్పలెందుకు?" అన్నాడు. ఇరవై ఆరో రోజున ఆయన్నే వెనక సీట్లో కూర్చోబెట్టి బొంగులూరు దాకా తీసుకెళ్ళి తీసుకొచ్చాను. కారు కాగితాలు నా పేరు మీద ఉన్నాయి. పెట్రోలు పోయించిన ప్రతిసారీ, ఆయిలు మార్పించిన ప్రతిసారీ తేదీ, మీటరు అంకె ఒక నోటుబుక్కులో రాస్తాను. దవాఖానలో మందుల స్టాకు రాసిన చెయ్యి ఇది. మానుకొమ్మంటే మానుకోదు.

ఆదివారం పనికి కారణం శనివారం జరిగింది. అప్పటికి రెండు నెలలుగా బానెట్ కింద నుంచి కాలిన వాసన వస్తోంది. ఎక్కడన్నా ఆగితే సన్నగా పొగ కూడా. మా అబ్బాయి మా ఇంటి పై అంతస్తులోనే ఉంటాడు. బొంగులూరు వైపు కొత్త వెంచర్లలో ప్లాట్లు చూపించే పని. పదకొండేళ్ళుగా మా కారు చూస్తున్న మెకానిక్‌ను వాడే ఇంటికి పిలిపించాడు. మెకానిక్ బానెట్ ఎత్తాడు. లోపల నల్లటి జిడ్డు, దాని మీద ఎర్ర దుమ్ము పట్టి ఎండి, మళ్ళీ దాని మీద జిడ్డు. వేలితో ఒక గీత గీసి ఆ వేలు చూసుకున్నాడు.

"బోర్ పోయిందన్నా," అన్నాడు, నాతో కాదు, మా అబ్బాయితో. "ఇంజన్ దించాలె. దీని మీద పెట్టుడు దండుగ. ఇచ్చెయ్యుండ్రి."

"నాతోని చెప్పు," అన్నాను. "కారు నాది."

"మీకేం సమజైతదమ్మా గీ ఇంజన్ సంగతి."

మా అబ్బాయి అప్పటికే ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. పాత బండ్లు కొనే ఒకతను మంగళవారం పది గంటలకు వస్తాడని చెప్పి ఫోన్ పెట్టేశాడు. నా ముఖం చూసి గొంతు కాస్త తగ్గించాడు.

"ఆడోళ్ళకు బస్సు ఫ్రీ ఉంది గదమ్మా. ఆధార్ కార్డు చూపిస్తె జీరో టికెట్. ఏడికంటె ఆడికి పో. గీ వయసుల కారెందుకు నీకు?"

"బస్సు ఏడికి పోతదో నేను గాడికే పోవాల్నా?"

"అసలు నువ్వు పొయ్యేది ఏడికని?"

ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. నేను పోయే చోట్లు గొప్పవీ కావు. హయత్‌నగర్‌లో నాతో పనిచేసిన నర్సు ఇంటికి. వానాకాలంలో చెరువు నిండిందంటే కట్ట మీదికి. కొన్ని రోజులు ఎక్కడికీ కాదు, ఔటర్ రింగు రోడ్డు పక్కనున్న సర్వీసు రోడ్డు మీద అద్దం దించుకొని పోయి రావడం, అంతే. అవసరం ఉంటేనే గడప దాటాలని మగవాళ్ళకు ఎవరన్నా చెప్పగా నేను వినలేదు. మా ఆయన రోజుకు రెండుసార్లు హోటలుకు పోయి చాయ్ తాగి వస్తాడు. మా ఇంట్లో చాయ్‌పత్తి లేకనా?

నేను నోటుబుక్కు తెచ్చి చూశాను. రెండు నెలల్లో కారు తిరిగింది పదమూడు వందల కిలోమీటర్లు. తగ్గిందని నేను పోసిన ఆయిలు మూడు వందల మిల్లీలీటర్లు. బోర్ అంటే ఇంజన్ లోపల పిస్టన్ ఆడే గొట్టం, అది అరిగిపోయిన ఇంజన్ ఇంత తక్కువతో ఊరుకోదు. పైగా అది ఆయిలును లోపల కాలుస్తుంది, పొగ వెనక గొట్టం నుంచి వస్తుంది. మా కారు పొగ ముందు నుంచి, బానెట్ అంచుల నుంచి వస్తోంది. అంటే ఆయిలు ఎక్కడో బయటికి కారి, ఇంజన్‌ను ఆనుకొని ఉండే వేడి సైలెన్సర్ గొట్టం మీద పడి కాలుతోంది. ఎక్కడి నుంచి కారుతోందో ఆ జిడ్డులో ఎవరికీ కనపడదు. మెకానిక్‌కూ కనపడలేదు, అయినా తీర్పు చెప్పేశాడు. కనపడాలంటే ముందు కడగాలి.

"మంగళవారం పదింటి దాక ఆగు," అన్నాను మా అబ్బాయితో. "ఏడ కారుతుందో చూపిస్త. చూపియ్యకపోతె అమ్ము. సంతకం నేనే పెడత."

"మాట మీద ఉండాలె మరి."

"నేనుంట. నువ్వుండు."

ఆదివారం పొద్దున నేను బానెట్ ఎత్తేసరికి మా ఆయన అరుగు మీద కుర్చీ వేసుకొని కూర్చున్నాడు, సినిమాకు ముందే వచ్చి సీటు పట్టుకున్నవాడిలాగా. ఆయన సేద్యం చేసిన మనిషి. నలభై ఏళ్ళు ట్రాక్టరు నడిపాడు. నా కారు తాళం మాత్రం ఒక్కనాడూ అడగలేదు. సీటు మరీ కిందికుంటుందట, నేల మీద కూర్చొని పోయినట్టుంటుందట.

"కిరసనాయిల్ కొట్టి పైపు వెట్టు," అన్నాడు. "అయిదు నిమిషాల పని. దసరకు ట్రాక్టర్ గట్లనే కడుగుతుంటిమి."

"అంటుకుంటె నువ్వార్పుతవా?"

"నలభై ఏండ్లు అంటుకోలె."

"గది డీజిల్ బండి. గిది పెట్రోలుది. లోపల అన్ని వైర్లు, కరెంటు."

"మస్తు తెలుసు నీకు," అని కాళ్ళు చాపుకున్నాడు.

తెలుసు కాబట్టే ముందు బ్యాటరీ దగ్గరికి పోయాను. పది నంబరు పానాతో నల్లతీగ బోల్టు వదులు చేసి, మైనస్ తీగ ఊడదీసి, అది మళ్ళీ తగలకుండా గుడ్డ చుట్టి పక్కకు పెట్టాను. మైనస్ ముందు తియ్యాలి. ప్లస్ ముందు తీస్తుండగా పానా పొరపాటున ఇనుపరేకుకు తగిలితే నిప్పురవ్వ లేస్తుంది. తర్వాత నీళ్ళు తగలకూడని చోట్లన్నీ కప్పాను. బ్యాటరీకి ఒక సంచి, ఫ్యూజుల డబ్బాకు ఒకటి, డైనమోకు ఒకటి, ఇంజన్ గాలి పీల్చే గొట్టానికి ఒకటి. ఇంజన్ నెత్తి మీద టాపెట్ కవర్ ఉంటుంది. దాని మీద మూడు కాయిళ్ళు వరుసగా దిగేసి ఉంటాయి, కింద ప్లగ్గులకు కరెంటు అందించేవి. వాటికి కలిపి పెద్ద సంచి ఒకటి, కవర్ అంచులు మాత్రం బయటికి ఉండేట్టు. కంప్యూటర్ పెట్టెకు ఇంకొకటి. మొత్తం ఆరు సంచులు, ప్రతిదానికీ రబ్బరు బ్యాండు రెండు చుట్లు. ఆరు అని కాగితం మీద రాసి అరుగు మీద రాయి కింద పెట్టాను. కప్పినవన్నీ మళ్ళీ తియ్యాలి గదా. గాలి గొట్టానికి సంచి మరిచిపోయి స్టార్టు చేసినవాళ్ళున్నారు.

అప్పుడే పక్కింటామె గేటు దగ్గరికొచ్చింది. వాళ్ళది చెరువులో చేపలు పట్టే కుటుంబం. ఆమె పొద్దున పట్టిన చేపలు అమ్ముకొని ఖాళీ గంపతో తిరిగొస్తోంది.

"అక్కా, గిదేంది, ఇంజన్‌కు మాస్కులు వెట్టినవ్? కరోనా వచ్చిందా దీనికి?"

"బోర్ పోయిందని చెప్పిండు మెకానిక్. నేను నమ్మలె."

"మంచిగ చేసినవ్. నాకు గూడ చెప్పిండ్రు, మోకాళ్ళు పోయినయని. రోజు గంప ఎత్తుతనే ఉన్న." గంప దించి గచ్చు చివరన కూర్చుంది. "గా నల్లనీళ్ళు కాల్వల మాత్రం ఇడ్వకు అక్కా. చెరువుకే పోతయి."

"ఇడ్వను." కారు కింద పాత రేకు పళ్ళెం పెట్టి అందులో వడ్ల ఊక నాలుగు వేళ్ళ మందాన పరిచి ఉంచాను. కారిందంతా అందులోనే పీల్చుకుంటుంది. తర్వాత సంచిలో కట్టి చెత్తబండికి విడిగా ఇవ్వడమే.

చేతులకు తొడుగులు, కళ్ళకు పాత అద్దాలు. జిడ్డు వదిలించే మందు నీళ్ళలో కలిపేది తెచ్చుకున్నాను. డబ్బా మీద అక్షరాలు చీమలంత ఉన్నాయి, భూతద్దం పెట్టి చదివాను. ఒక వంతు మందు, నాలుగు వంతుల నీళ్ళు. ముందు ఒక మూల రూపాయి బిళ్ళంత మేర పూసి చూశాను, రంగు పోతుందేమోనని. పోలేదు. అప్పుడు కింది నుంచి పైకి కొట్టాను. బెల్టు మీద పడకుండా ఎడమచేత్తో గుడ్డ అడ్డం పెట్టాను, అది తడిస్తే జారుతుంది. గడియారం చూసి అయిదు నిమిషాలు ఆగాను. మందు ఎండిపోతే జిడ్డు మళ్ళీ గట్టిపడుతుంది, ఆగకపోతే నానదు. తర్వాత పెయింటు బ్రష్షు, సందుల్లో పళ్ళు తోమే పాత బ్రష్షులు. సాగర్ రోడ్డు మీద బండ్లు కడిగే చోట్ల నీళ్ళ గన్ను పెట్టి కొడతారు. ఆ నీళ్ళు తోసుకొని వైర్ల కొసల్లోకి పోతాయి. నేను పూలమొక్కల స్ప్రే డబ్బాతో చల్లి, పాత నేత చీర చింపిన తడి గుడ్డలతో తుడిచాను.

నాలుగుసార్లు ఇలాగే చేశాను. రెండోసారికి ఇనుము కనిపించింది. మూడోసారికి బోల్టుల మీద కంపెనీవాళ్ళు పెట్టిన పచ్చరంగు చుక్కలు. పదకొండేళ్ళలో నేనెప్పుడూ చూడని ఒక నంబరు కూడా కనిపించింది, రాసుకున్నాను.

"చేప పొలుసు తీసినట్టే తీసినవ్ గదక్కా," అంది పక్కింటామె. "నేనైతె గింత సేపు తియ్య. గిరాకి ఎల్లిపోతది."

పది గంటల ఇరవై అయిదు నిమిషాలకు అయిపోయింది. బానెట్ అలాగే తెరిచి ఎండకు వదిలాను. తడి పూర్తిగా ఆరేదాకా సంచులు తియ్యకూడదని నా లెక్క. స్నానం చేసి, తిని, మధ్యాహ్నం కాసేపు పడుకున్నాను. నడుము నాది కానట్టుంది.

నాలుగు గంటల ఇరవై నిమిషాలకు మళ్ళీ కారు దగ్గరికి వచ్చాను. ముందు ఇనుపపట్టీ మీద పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టి ఉన్నాయి. మా ఆయన పని. ఏ యంత్రం కడిగినా బొట్టు లేకుండా ఆయన స్టార్టు చెయ్యనివ్వడు. ఆ మాత్రం దానికి నేను ఏమీ అనను. సంచులు లెక్కపెట్టాను, ఆరూ ఉన్నాయి. కానీ కాయిళ్ళ మీది సంచికి రబ్బరు బ్యాండు ఒక చుట్టే ఉంది. గాలికి జారిందనుకున్నాను. బ్యాండు దానంతటది చుట్టు విప్పుకోదని నాకు తట్టాలి. తట్టలేదు. ఈ మొత్తం పనిలో నా తప్పు అదొక్కటి, ఒప్పుకుంటున్నాను.

సంచులు తీసి, బ్యాటరీ తీగ బిగించి, తాళం తిప్పాను. ఇంజన్ లేచింది. లేచి, చలిజ్వరం వచ్చిన మనిషిలాగా వణికింది. ముందు అద్దం కింద, ఇంజన్‌లో లోపముందని చెప్పే పసుపుపచ్చ దీపం వెలిగింది. పది సెకన్లు చూసి ఆపేశాను.

పై నుంచి మా అబ్బాయి గొంతు వచ్చింది. "చూసినవా అమ్మా! మంచిగున్న బండిని కడిగి ఖరాబ్ చేసినవ్."

"నిన్న బోర్ పోయిందంటివి. ఇయ్యాల మంచిగున్న బండి అయిందా?"

"ఫికర్ లేదు తియ్," అన్నాడు. "కొనెటోనికి స్టార్టయితె చాలు. తుక్కు కిందనే కొంటడు." పిట్టగోడ దగ్గర నుంచి లోపలికి పోయాడు.

ఆ పూట నేను అన్నం సగమే తిన్నాను. మందు నేను కొట్టింది, బ్రష్షు నేను పట్టింది. చెడిపోయిందంటే నా చేతులతోనే చెడిపోయినట్టు. మంగళవారం పది గంటలకు సంతకం పెడతానని మాట ఇచ్చింది కూడా నేనే.

సోమవారం ఉదయం ఆరున్నరకు బ్యాటరీ తీగ మళ్ళీ తీసి, కాయిళ్ళ మీద పడ్డాను. మొదటిది పైకి లాగాను, పొడిగా ఉంది. రెండోది లాగితే చివరన తడి మెరిసింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నేను వాడిన మందుకు సబ్బువాసన ఉంటుంది. ఇది అది కాదు, తియ్యటి వాసన. సీసా మూత తీసి వాసనతో మందు పోల్చిన ముక్కు నాది. టార్చి వేసి ప్లగ్గు గుంతలోకి చూశాను. అడుగున చెమ్మ, దానిలో సన్నటి గోధుమరంగు పోగు ఒకటి. పట్టుకారుతో తీశాను. కొబ్బరిపీచు.

అది కార్తీక సోమవారం. మా ఆయన స్నానం చేసి, ఒక్కపొద్దుండి అరుగు మీద కూర్చున్నాడు. పీచు అరచేతిలో పెట్టి ఆయన ముందు చాపాను.

"నిన్న కొబ్బరికాయ కొట్టినవా?"

"కొట్టిన. కడిగినంక కొట్టరా?"

"నీళ్ళేడ పోసినవ్?"

"ఏడ పోస్తరు? ఇంజన్ నెత్తి మీద. నలభై దసరలు ట్రాక్టర్‌కు గట్లనే పోసిన. ఒక్కనాడు ఆగలె."

"సంచి తీసినవా?"

"తియ్యకుంటె? సంచి మీద పోస్తె దేవునికి అందుతదా?" అని, నా ముఖం చూసి కొంచెం వెనక్కి జరిగాడు. "మల్ల కట్టిన గద."

ఆయన తప్పు ఆయనకు తెలిసేది కాదు. ట్రాక్టరుది డీజిల్ ఇంజన్. దాని నెత్తి మీద ప్లగ్గుండదు, కాయిలుండదు. ఇనుప దిమ్మె మీద కొబ్బరినీళ్ళు పోస్తే ఉడికి ఆవిరైపోతాయి, అంతే. మా వైపు బోరు మోటారుకు పోస్తారు, ట్రాక్టరుకు పోస్తారు, వరికోత మిషనుకు పోస్తారు. నలభై ఏళ్ళు ఏమీ కాని పని నలభై ఒకటో ఏడు నా కారుకు అయింది.

ఇదంతా చెప్పాను. ఆయన పీచు వైపే చూస్తూ విన్నాడు. "నాకేమెరుక," అన్నాడు చివరికి. "నీ బండి మంచిగుండాలె, నీ మాట నిలవాలె అని పోసిన." ఆ మాట విన్నాక తిట్టడం కష్టమే. అయినా నాలుగు నిమిషాలు తిట్టాను.

గుంతలోకి మెలిపెట్టిన గుడ్డ దించి తడి పీల్పించాను. సైకిలు పంపుతో గాలి కొట్టాను. ఆయనే కొట్టాడు, నేను గొట్టం పట్టుకున్నాను. కాయిల్ తుడిచి ఎండలో పెట్టి రెండు గంటల తర్వాత బిగించి చూశాను. వణుకు పోలేదు. ఇంజన్ ఆపి ఆ కాయిల్ వైరు ఊడదీసి మళ్ళీ స్టార్టు చేశాను. అంతే వణుకు, ఎక్కువా లేదు తక్కువా లేదు. అంటే వైరున్నా లేకున్నా అది పని చెయ్యడం లేదు. చచ్చిపోయింది.

పదకొండు గంటల అయిదు నిమిషాల బస్సుకు హయత్‌నగర్ పోయాను. కండక్టరు జీరో టికెట్ కొట్టి ఇచ్చింది. తీసుకున్నాను, ఎందుకు తీసుకోను? బస్సు మీద నాకు కోపం లేదు. బస్సుంది కాబట్టి కారొద్దనే మాట మీదే కోపం. విజయవాడ రోడ్డు మీద సామాన్ల దుకాణంలో పాత కాయిల్ బల్ల మీద పెట్టాను. టాపెట్ కవర్ అతుకులో ఆయిలు కారకుండా పెట్టే రబ్బరు ప్యాకింగ్ కూడా ఒకటి ఇమ్మన్నాను. కారేది అక్కడి నుంచేనని అప్పటికి రుజువు లేదు, అనుమానమే. కానీ మళ్ళీ బస్సెక్కి వచ్చే టైము లేదు.

"డ్రైవర్‌ను పంపకపోయినవా అమ్మా?" అన్నాడు దుకాణమతను.

"నేనే డ్రైవర్‌ను."

అతను నవ్వబోయి, నా గోళ్ళ సందుల్లో నలుపు చూసి ఆగిపోయాడు.

సాయంత్రం నాలుగింటికల్లా కొత్త కాయిల్ బిగించాను. తాళం తిప్పితే ఇంజన్ లేచి, కుదురుగా నిలబడింది. పసుపుపచ్చ దీపం కాసేపు వెలిగి ఆరిపోయింది. మా ఆయన అరుగు మీద నుంచి లేచి వచ్చి, బానెట్ మీద చెయ్యి ఆనించి వెళ్ళిపోయాడు.

మంగళవారం పదకొండో తేదీ, పొద్దున అయిదు ముప్పావుకు నేను ముఖానికి పూసుకునే పౌడరు డబ్బా తెచ్చాను. టాపెట్ కవర్ ఇంజన్ మీద కూర్చునే అతుకు పొడవునా, చుట్టూ నాలుగు వైపులా, మెత్తటి బ్రష్షుతో పౌడరు అద్దాను. పొడి ఇనుము మీద పౌడరు తెల్లగా నిలుస్తుంది. చుక్క ఆయిలు తగిలినా నల్లబడుతుంది. పక్కింటామె గంపతో పోతూ ఆగింది.

"ఇంజన్‌కు పౌడరా అక్కా? లగ్గమేమన్న ఉన్నదా?"

"పెండ్లిచూపులు. పదింటికి వస్తున్నరు."

"నచ్చకుంటె బాగుండు," అంది.

బొంగులూరు దాకా పోయి వచ్చాను. ఇరవై నాలుగు కిలోమీటర్లు. దారిలో ఒక్కసారి కూడా తొందరపడలేదు. కాలిన వాసన మాత్రం ఇబ్రహీంపట్నం దాటగానే మొదలైంది. ఆ వాసన వచ్చినందుకు సంతోషించింది ఆ రోజు నేనొక్కదాన్నే అయి ఉంటాను. అది రాకపోతే చూపించడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

ఏడు గంటల యాభై నిమిషాలకు బానెట్ ఎత్తాను. మూడు వైపులా పౌడరు తెల్లగా ఉన్నది ఉన్నట్టే ఉంది. వెనక మూల నాలుగు వేళ్ళ వెడల్పున గోధుమరంగు తడి. అక్కడి నుంచి ఒకే ఒక గీత కిందికి దిగి, సైలెన్సర్ మీద ఆగింది. మిగతా ఇంజన్ మొత్తం పొడి.

మా అబ్బాయిని పిలిచాను. నోట్లో బ్రష్షుతోనే దిగొచ్చాడు. నేను వేలు పెట్టి చూపించాను. వంగి చాలాసేపు చూశాడు.

"గింతేనా?"

"గింతే. రబ్బరు ప్యాకింగ్ గట్టిపడి పగిలింది. కొత్తది తెచ్చిన."

వాడు తలూపి పైకి పోయాడు. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

పది గంటల పన్నెండు నిమిషాలకు కొనే అతను వచ్చాడు, మెకానిక్‌ను వెంటబెట్టుకొని. బానెట్ ఇంకా ఎత్తే ఉంది. అతను లోపలికి చూసి ఈల వేసినంత పని చేశాడు. "ఇంజన్ షోరూమ్‌ల ఉన్నట్టుంది గదన్నా. తుక్కని చెప్తివి!"

"కడిగితె అన్ని గట్లనే కనవడ్తయి," అన్నాడు మెకానిక్. అది నిజమే. పాత బండ్లు అమ్మేవాళ్ళు ముందు ఇంజన్ కడుగుతారు, కారే చోటు దాచడానికి. నేను కడిగింది చూపించడానికి.

"ఇటు రా," అన్నాను మెకానిక్‌తో. "బోర్ పోతె పొగ ఏడికెళ్ళి వస్తది?"

"ఎనక గొట్టంకెళ్ళి."

"శనివారం నువ్వు ఎనకకు పోయి చూసినవా?"

అతను చూడలేదని అతనికీ, నాకూ, మా అబ్బాయికీ తెలుసు. వెనక మూల తడి చూపించాను. చూసి, చేతిలోని గుడ్డ భుజం మీద వేసుకున్నాడు. "ప్యాకింగ్ పోయిందేమో తియ్," అన్నాడు, మా అబ్బాయితోనే.

కొనే అతను మా అబ్బాయిని గేటు అవతలికి తీసుకుపోయాడు. రెండు నిమిషాలు మాట్లాడుకున్నారు. మా అబ్బాయి తిరిగి వచ్చేటప్పుడు వాడి నడకే మారింది.

"అమ్మా, ఒక్క నిమిషం. శనివారం చెప్పినదానికి డబుల్ ఇస్తడట. గింత రేటు మల్ల రాదు. నువ్వు కడగబట్టే వచ్చింది, నీ పుణ్యమే. ఇచ్చేద్దాం."

నేను వాడి ముఖం చూశాను. వాడు మోసం చేస్తున్నట్టు లేదు. నిజంగానే నాకు శుభవార్త చెబుతున్నట్టుంది.

"శనివారం ఏమంటివి? చెడిపోయింది, అమ్ము అంటివి. ఇయ్యాల మంచిగున్నది, అమ్ము అంటున్నవ్. మరి అమ్మకుండ ఉంచుకునేది ఎప్పుడు?"

"గట్ల కాదమ్మా..."

"ఎట్ల?"

అప్పుడు అసలు మాట బయటికి వచ్చింది. "నాకు భయమైతదమ్మా. డెబ్బై ఏండ్లు నీకు. సాగర్ రోడ్డు మీద ఆ టిప్పర్లు ఎట్ల పోతయో చూస్తలెవా? నువ్వు బండి తీసినవంటె నాకు పని మీద మనసుండది."

"నువ్వు రోజు గదే రోడ్డు మీద పోతవ్. నాకు ఇంట్ల మనసుంటదా? నీ బండి అమ్మమని నేను ఎన్నడన్న అన్ననా?"

"నాది పని."

"నాది కారు."

అరుగు మీద మా ఆయన దగ్గాడు. మా అబ్బాయి ఆయన వైపు తిరిగాడు. "బాపూ, నువ్వన్న చెప్పు."

"నేనేం చెప్త? నేను పోసిన నీళ్ళే ఇంకా ఆరలె," అన్నాడు మా ఆయన.

నేను కొనే అతని దగ్గరికి పోయాను. "కాగితాల మీద పేరు నాది. సంతకం నేను పెట్టాలె. పెట్టను. చాయ్ తాగి పోండ్రి," అన్నాను. అతను తాగే పోయాడు, చక్కెర ఎక్కువ వేయించుకొని మరీ. మెకానిక్ తాగలేదు. ఇది జరిగినప్పుడు పదకొండు గంటలు. మా అబ్బాయి, "ఇగ నీ ఇష్టం," అని తన బండి తీసుకొని పనికి పోయాడు. గేటు వెయ్యలేదు. నేనే వేశాను.

ప్యాకింగ్ పధ్నాలుగో తేదీ, శుక్రవారం నేనూ మా ఆయనా మార్చాం. ముందు కాయిళ్ళు, తర్వాత కవర్ బోల్టులు. పాత రబ్బరు గాజులాగా విరిగి వచ్చింది. ట్రాక్టరు చేసిన చెయ్యి గదా, బోల్టు ఎంత బిగించాలో ఆయనకు వేళ్ళలోనే తెలుస్తుంది. నేను మధ్య నుంచి బయటికి, ఒకటి విడిచి ఒకటి, నంబరు చెబుతుంటే ఆయన బిగించాడు. రెండు గంటల యాభై నిమిషాలు పట్టింది. కడిగినప్పుడల్లా బొట్టు పెట్టుకోవచ్చునని, కొబ్బరికాయ మాత్రం గేటు అవతల కొట్టాలని ఒప్పందం చేసుకున్నాం. ఆదివారం నలభై కిలోమీటర్లు నడిపి పౌడరు చూశాను. నాలుగు వైపులా తెలుపే.

నాకు చెయ్యి వణికిన రోజున, కన్ను మసకబారిన రోజున నేనే తాళం కింద పెడతాను. ఆ రోజు తేదీ కూడా నేనే రాస్తాను. అది ఇంకొకరు రాసేది కాదు, ఇంజన్ మీద వేలితో గీత గీసి చెప్పేది అంతకన్నా కాదు.

ఈ పనిలో పోయినవి ఇవి. కాయిల్ ఒకటి. బయటికి కారిపోయిన ఆయిలు మూడు వందల మిల్లీలీటర్లు. పాత నేత చీర ఒకటి. పళ్ళు తోమే బ్రష్షులు మూడు. పౌడరు అర డబ్బా. కుడి బొటనవేలి గోరు సగం. పది నంబరు సాకెట్ ఒకటి, ఇంజన్ కింద ఎక్కడో పడింది, దొరకలేదు. పదకొండేళ్ళ మెకానిక్, ఇప్పుడు ఎదురుపడితే తల తిప్పుకుంటాడు. మా అబ్బాయి నాతో మాట్లాడే మాట, మంగళవారం పదకొండు గంటల నుంచి తొమ్మిది రోజులు.